మూడేళ్లు వాడాక నా వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్: కొన్నప్పుడు అనుకున్నది, వాడాక తెలిసింది

పెట్టె విప్పిన రోజు నాకు బాగా నచ్చినవి స్క్రీన్, కీబోర్డు, మూత గట్టితనం. నచ్చనివి బరువు, ఇటుకంత అడాప్టర్. మూడేళ్ల తర్వాత చూసుకుంటే, కీబోర్డు, మూత విషయంలో తప్ప మిగతా వాటి మీద నా అభిప్రాయం మారిపోయింది. ఇంకో సంగతి. కొనేముందు వారాల తరబడి నేను చదివిందంతా ప్రాసెసర్ల గురించే. ఈ మూడేళ్లలో నా పని ఆగిపోయిన సందర్భాల్లో ఒక్కదానికి కూడా ప్రాసెసర్ కారణం కాదు.

నా పని భవనాల త్రీడీ మోడళ్లు, లేజర్ స్కాన్ చేసి తెచ్చిన పాయింట్ క్లౌడ్‌లు (భవనం ఆకారాన్ని పట్టి చూపే లెక్కలేనన్ని చుక్కలు), చివర్లో క్లయింటుకు చూపించే రెండర్లు, అంటే మోడల్ నుంచి కంప్యూటర్ తయారుచేసే ఫోటోలాంటి బొమ్మలు. సగం రోజులు ఆఫీసులో, సగం రోజులు సైట్‌లో. అందుకే డెస్క్‌టాప్ కుదరలేదు. తీసుకున్నది ఇలాంటి బరువైన పనుల కోసమే చేసే వర్క్‌స్టేషన్ రకం, 16 అంగుళాల మెషిన్, మూడు కిలోలకు కాస్త తక్కువ, 230 వాట్ల అడాప్టర్. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఏ కంపెనీది తీసుకున్నా ఎదురయ్యే ప్రశ్నలు ఇవే కాబట్టి పేరు లేకపోయినా నష్టం లేదు.

స్పెసిఫికేషన్ల కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండేది చిప్ పేరు. అసలు చూడాల్సింది ఆ చిప్‌కి ఆ బాడీలో ఎన్ని వాట్లు దొరుకుతాయన్నది. ఇంటెల్ హెచ్ రకం ప్రాసెసర్ల బేస్ పవర్ 45 వాట్లు, హెచ్‌ఎక్స్ రకానివి 55. రెండర్ మొదలుపెట్టగానే అవి అంతకు రెండింతలకు పైగా లాగుతాయి. ఆ వేడిని బయటికి తోసే దారి లేకపోతే కాసేపటికే వేగం పడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ ఏ2000 ల్యాప్‌టాప్ కార్డునే తీసుకోండి, 35 వాట్ల నుంచి 95 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టుకునే వీలు ల్యాప్‌టాప్ తయారీదారుకు ఉంది. కాగితం మీద పేరు ఒకటే, చేసే పని ఒకటి కాదు. మెషిన్ చేతికొచ్చాక ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (nvidia-smi) అనే చిన్న కమాండ్ రన్ చేస్తే చాలా మెషిన్లలో పవర్ లిమిట్ కనబడుతుంది. రిటర్న్ గడువు దాటకముందే అది చూసుకోండి. దాంతోపాటు మీ సొంత ఫైల్‌తోనే నలభై నిమిషాల రెండర్ ఒకటి పెట్టండి. మొదటి రెండు నిమిషాల వేగం ఏ మెషిన్‌లోనైనా ముచ్చటగానే ఉంటుంది. ముప్పయ్యో నిమిషంలో ఉన్న వేగమే మీకు రోజూ దక్కేది.

ఇక నేను చేసిన పెద్ద పొరపాటు. ప్రాసెసర్ ఒక మెట్టు పైది తీసుకోవడం కోసం గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ మెమరీది ఎంచుకున్నాను. మోడలింగ్‌కి అది సరిపోయింది, ఇప్పటికీ సరిపోతోంది. ఎనిమిదో నెలలో ఒక పెద్ద హాలు ఇంటీరియర్ వచ్చింది. పొద్దున పదింటికి ప్రెజెంటేషన్, ముందురోజు రాత్రి ఫైనల్ రెండర్ పెట్టాను. సీన్ లోడవుతూ సగంలో ఆగి, మెమరీ చాలదన్న మెసేజ్ వచ్చింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే.

లెక్క చాలా సింపుల్, కొనేముందు వేసుకుని ఉండాల్సింది. 4096 బై 4096 పిక్సెల్స్ టెక్స్చర్ (వస్తువుల పైభాగం మీద పరిచే బొమ్మ) ఒక్కటి, కుదించకుండా లోడైతే 64 ఎంబీ. చెక్క, రాయి, గుడ్డ ఒక్కోదానికి రంగుకొకటి, మెరుపుకొకటి, గరుకుదనానికొకటి చొప్పున మూడేసి వేసుకుంటే, పదిహేను మెటీరియల్స్‌కే దాదాపు 3 జీబీ అయిపోతుంది. ఆపైన జ్యామితి ఉంది, డిస్‌ప్లే కోసం విండోస్ పట్టుకునే వాటా ఉంది. ఆ రాత్రి టెక్స్చర్లు కొన్ని చిన్నవి చేసి, మిగతాది ప్రాసెసర్ మీదే రెండర్ చేశాను. తెల్లవారుజామున అయిదున్నరకి అయింది. ఫ్యాన్ హోరు పక్కగదిలోకి కూడా వినబడింది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. రెండరింగ్ చేసేవాళ్లకి 8 జీబీ కింద ఆలోచించడమే అనవసరం. దొరికితే 12 మంచిది. ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీని తర్వాత పెంచుకునే మార్గం లేదు.

ర్యామ్ దగ్గర మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 32 జీబీ తీసుకుని, నాలుగు స్లాట్లలో రెండు ఖాళీగా ఉంచాను. పాయింట్ క్లౌడ్ పని పెరిగాక అడుగు మూత విప్పి ఇంకో రెండు స్టిక్‌లు వేశాను, పావుగంట పని. నాలుగూ నిండగానే మెమరీ వేగం 4800 నుంచి 4000కి దిగింది. రోజువారీ పనిలో నాకు ఆ తేడా తెలియలేదు. ర్యామ్ చాలక డిస్క్ మీదికి స్వాప్ అవుతున్నప్పుడు పడ్డ కష్టం ముందు అది లెక్కలోకే రాదు. అయినా తర్వాత పెంచే ఉద్దేశం ఉన్నవాళ్లు మొదటే రెండు పెద్ద స్టిక్‌లు తీసుకోవడం మంచిది. సన్నని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి వస్తుంది, అలాంటప్పుడు మొదటి రోజే పూర్తిగా కొనాలి. సీఏఎంఎం2 అనే కొత్త రకం మాడ్యూల్‌ని 2023 డిసెంబర్‌లో మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ ప్రమాణంగా ప్రకటించింది. దాని ఎల్‌పీడీడీఆర్ (తక్కువ కరెంటు వాడే మెమరీ) రూపం ఉంటే సన్నని మెషిన్‌లో కూడా మెమరీ మార్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పేది లేదు, రెండో స్లాట్ ఉందో లేదో చూసుకుంటే చాలు.

స్క్రీన్ విషయానికొస్తే, మొదటి రోజు కళ్లు చెదిరింది నిజమే. 3840 బై 2400 పిక్సెల్స్, గ్లాసీ (అద్దంలా మెరిసేది). కానీ సైట్‌లో ఎండ వెలుతురులో డ్రాయింగ్ తెరిస్తే కనబడేది నా మొహం, వెనకాల ఆకాశం. ఇంజనీరుకి ఒక బీమ్ చూపించాలంటే ఒక చేత్తో ల్యాప్‌టాప్ ఎత్తి, నీడలోకి తిప్పి, రెండో చేయి గొడుగులా అడ్డం పెట్టాల్సి వచ్చేది. 1920 బై 1200 కంటే సరిగ్గా నాలుగు రెట్ల పిక్సెల్స్, వాటిని నడపడానికి బ్యాటరీ కూడా ఎక్కువే అయ్యేది. ఇప్పుడైతే 2560 బై 1600 మ్యాట్ (మెరవనిది), వెలుతురు కనీసం 500 నిట్స్ ఉన్నది తీసుకుంటాను. రంగుల మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు.

ఇంకో చిన్న విషయం ఎవరూ చెప్పలేదు. నా మెషిన్‌లో హెచ్‌డీఎంఐ నేరుగా పెద్ద గ్రాఫిక్స్ కార్డుకే కలిపి ఉంది. ప్రొజెక్టర్‌కి కేబుల్ పెట్టగానే, చూపిస్తున్నది ఖాళీ స్లైడే అయినా ఆ కార్డు మేల్కొంటుంది, బ్యాటరీ కరిగిపోతుంది. మీటింగ్‌కి అడాప్టర్ లేకుండా వెళ్లడం మానేశాను.

అడాప్టర్ అంటే ఆ ఇటుక కాదు. యూఎస్‌బీ-సీ 100 వాట్ల చార్జర్ ఒకటి కొన్నాక బ్యాగు బాధ సగం తీరింది. మోడలింగ్‌కి, చూపించడానికి అది చాలు, రెండర్ మాత్రం ఆఫీసుకొచ్చాకే. బరువు మీద మొదటి రోజు ఉన్న చిరాకు అలా పోయింది.

రెండో ఏడాది మధ్యలో ఫ్యాన్ మాటిమాటికీ అరవడం మొదలైంది. అడుగు మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య బూడిదరంగు దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంది. పట్టకారతో లాగితే ఒక్క పొరగా ఊడొచ్చింది. ఆ సాయంత్రమే అదే ఫైల్ రెండర్ చేస్తే టెంపరేచర్ పది డిగ్రీలు తక్కువ. కొనేముందు ఫ్యాన్ల దాకా చేరాలంటే ఎన్ని స్క్రూలు విప్పాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి.

సర్టిఫైడ్ డ్రైవర్ల (డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి సరేనన్న గ్రాఫిక్స్ డ్రైవర్ల) కోసం ఈ వర్క్‌స్టేషన్ రకం మెషినే కొనాలా అని అడుగుతుంటారు. సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు రోజంతా వాడేవాళ్లకి అవును. సమస్య వస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందు అడిగేది సర్టిఫైడ్ కార్డేనా అనే. రెండరింగ్ ఒక్కటే చేసేవాళ్లకి ఆ అవసరం లేదు, అదే డబ్బుకి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఎక్కువ వాట్ల కార్డు వస్తుంది.

పోయిన నెల మా ఆఫీసు కుర్రాడు కొత్తది ఆర్డర్ పెడుతూ వచ్చాడు. "అన్నా, ఐ9 పెట్టించమంటావా?" అన్నాడు. వాడి పని కూడా నాలాంటిదే. ఇద్దరం కూర్చుని ప్రాసెసర్ ఐ7కి దించాం, ఆ మిగులుతో గ్రాఫిక్స్ 12 జీబీది పెట్టాం, ర్యామ్ రెండే స్టిక్‌లలో 64. స్క్రీన్ మ్యాట్. మెషిన్ రాగానే నలభై నిమిషాల రెండర్ కోసం నా పాత హాలు ఫైల్ వాడికి కాపీ చేసి ఇచ్చాను.