లైఫ్ మెంబర్‌షిప్ పేరుతో రీసెర్చ్ స్కాలర్లకు పంగనామాలు: డబ్బు కట్టకండి

కెమిస్ట్రీ, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఆ నీలం బ్రోచర్‌లోని లింకు నొక్కండి. ఏ బ్రోచరో చెప్పక్కర్లేదు, స్కాలర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు. లైఫ్ మెంబర్‌షిప్ అమ్మే ఆ సంస్థ పేరులో 'ఇంటర్నేషనల్', 'కౌన్సిల్' రెండూ ఉంటాయి. పూర్తి పేరు రాస్తే మా గైడ్ గారికి తలనొప్పి, అందుకే రాయట్లేదు. మీకు తెలుసు.

లైఫ్ మెంబర్‌షిప్ 5,000. కడితే వాళ్ల జర్నల్‌లో ఒక పేపరు ఉచితం, కాన్ఫరెన్స్ ఫీజులో సగం రాయితీ, పేరు వెనక తగిలించుకోవడానికి నాలుగు అక్షరాలు. నాకు ఫెలోషిప్ లేదు, ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పిన డబ్బులు తీసి కట్టాను. రెజ్యూమేలో ఒక లైను పెరుగుతుందని ఆశ. పెరిగింది లెండి.

విజయవాడలో హోటల్ బాంక్వెట్ హాల్లో కాన్ఫరెన్స్. వెళ్లేసరికి పోస్టర్ సెషన్‌కు, అంటే మన పరిశోధనను పోస్టర్ మీద చూపించి వివరించే కార్యక్రమానికి, బోర్డులే లేవు. డబ్బు పెట్టి ఫ్లెక్స్ వేయించి, బస్సులో నలగకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఎక్కడ తగిలించాలని అడిగితే కోటు వేసుకున్న కుర్రాడు, "చేత్తో పట్టుకుని నిలబడండి మేడమ్, ఫొటో తీసేస్తాం" అన్నాడు. ధర్నాలో ప్లకార్డులు పట్టుకున్నట్టు వరసగా నిలబడ్డాం. క్లిక్. నెక్స్ట్. నేను వాడిన కాటలిస్ట్ ఏంటో, ఎంత దిగుబడి వచ్చిందో అడిగిన నాథుడు లేడు. జడ్జిలని పరిచయం చేసినవాళ్లు సోఫాలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. భోజనం మాత్రం బాగుంది, ఉలవచారు కూడా పెట్టారు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

మధ్యాహ్నం 'యంగ్ సైంటిస్ట్ అవార్డు' కావాల్సినవాళ్లు కౌంటర్ దగ్గర 2,500 కట్టాలని ప్రకటించారు. మైకులో! కట్టిన ప్రతివాళ్లకూ శాలువా, షీల్డు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఉచిత పేపరు ఉంది కదా అని ఊరుకున్నాను.

ఆ పేపరు పంపిన మర్నాడే 'యాక్సెప్టెడ్' అని మెయిల్. నిపుణులెవరూ చదివి రివ్యూ చేయలేదు, ఒక్క కామెంటు లేదు. ఒకే ఎన్ఎంఆర్ స్పెక్ట్రం (అణువు నిర్మాణాన్ని చూపే గ్రాఫు) పొరపాటున రెండు చోట్ల పెట్టాను, అదీ ఎవరి కంటా పడలేదు. మెయిల్ చివర చిన్న అక్షరాల్లో: ప్రాసెసింగ్ ఛార్జ్ 4,500. సెక్రటరీకి ఫోన్ చేశాను.

"సార్, లైఫ్ మెంబర్లకు ఫ్రీ అన్నారు కదా?"

"పబ్లికేషన్ ఫ్రీనే అమ్మా. ఇది ప్రాసెసింగ్."

"అయితే పేపరు వెనక్కి తీసుకుంటాను. మెంబర్‌షిప్ డబ్బులు కూడా ఇచ్చేయండి."

నవ్వాడు. నిజంగా, ఫోన్లో గట్టిగా నవ్వాడు. "పీహెచ్‌డీ చేస్తున్నావు, టర్మ్స్ చదవడం రాదా? విత్‌డ్రా చేసుకోవాలంటే 3,000 కట్టు. లేదంటే ఎథిక్స్ లేని స్కాలర్ అని మీ గైడ్‌కి, రిజిస్ట్రార్‌కి మెయిల్ పెడతాం."

ఎథిక్స్ అట! ఆ నోటితో! డబ్బు పడేదాకా 'డాక్టర్ గారూ' (ఇంకా కాలేదు మహాప్రభో), లెక్క అడిగేసరికి 'నువ్వు'. ఫోన్ పెట్టేశాక చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంకా ఘోరం ఏంటంటే, నేను పైసా కట్టకపోయినా రెండో రోజుకే పేపరు వాళ్ల సైట్‌లో పెట్టేశారు. ఒకసారి ప్రచురించినదాన్ని మంచి జర్నల్‌కు మళ్లీ పంపకూడదు. ల్యాబ్‌లో రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అక్కడ తాకట్టులో ఉంది. 5,000 పోయిందని కాదు నా ఏడుపు.

బ్రోచర్‌లో 'యూజీసీ కేర్ లిస్టెడ్ జర్నల్' అని మెరుస్తుంటుంది. కేర్ లిస్టంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) గుర్తించిన జర్నళ్ల జాబితా. ఆ కేర్ లిస్టునే 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆపేసింది. లేని లిస్టులో వీళ్లకు చోటెలా దొరికిందో! ఐఎస్ఎస్ఎన్ ఉందంటారు. అది పత్రికను గుర్తుపట్టడానికిచ్చే నంబరు, నాణ్యతకు ముద్ర కాదు. థీసిస్ ఇవ్వాలంటే పేపరు తప్పనిసరి అనే నిబంధనను 2022లోనే యూజీసీ తీసేసింది, కానీ సొంతంగా అడిగే యూనివర్సిటీలు ఉన్నాయి. ఆ టెన్షన్ మీదే వీళ్ల వ్యాపారమంతా.

కొత్త విద్య కూడా కాదిది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక పెద్ద పబ్లిషింగ్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన రివ్యూ లేకపోవడం, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం, పేపరు వెనక్కి తీసుకోనివ్వకపోవడం అందులో ఆరోపణలు. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఈ కౌన్సిల్ వాళ్లు వేరే, చాలా చిన్న దుకాణం. పద్ధతి మాత్రం అచ్చు అదే.

అసలు అసోసియేషన్లలోనే చేరొద్దని అనట్లేదు. ప్రఫుల్ల చంద్ర రాయ్ తొలి అధ్యక్షుడిగా 1924లో పుట్టిన ఇండియన్ కెమికల్ సొసైటీ ఉంది. 1999లో మొదలైన కెమికల్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. దాని సింపోజియంలో మా సీనియర్ అక్క పోస్టర్ పెడితే ఎవరో ప్రొఫెసర్ అరగంట నిలబెట్టి ప్రశ్నలేశారట, ఏడుపొక్కటే తక్కువట. నేను డబ్బు కట్టింది అలాంటి అరగంట కోసం.

చేరేముందు మీ గైడో, సీనియర్లో అందులో ఉన్నారేమో అడగండి. డబ్బు సంస్థ ఖాతాకు వెళ్తోందా, ఎవరిదో సొంత యూపీఐకి వెళ్తోందా చూసుకోండి. నాది ఎవరో ఒకావిడ పేరు మీద వెళ్లింది, సెక్రటరీ గారి భార్యట. ఈ మధ్యే కట్టినవాళ్లుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే డబ్బు ఆపడం కష్టం. ఆ బ్రోచర్, చాట్లు డిలీట్ చేయకండి.