ఎనిమిదేళ్లుగా లాన్‌లు కోస్తున్నాను: నా దగ్గర నిలబడిన మిషన్లు, నిలబడనివి

2017 జూన్‌లో నేను కొన్న మొదటి మిషన్ ఇప్పుడు నా దగ్గర లేదు. అదే ఏడాది దసరా తర్వాత కొన్న రెండోది మాత్రం ఇవాళ పొద్దున కూడా పనికి వెళ్లింది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, చాలా డబ్బు కూడా పోయింది. లాన్ మెయింటెనెన్స్ పని మొదలుపెడతాం, ఏం కొనమంటారని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లలో మా మేనల్లుడూ ఉన్నాడు. వాడికి చెప్పిన మాటలే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా పని హైదరాబాద్ పడమటి వైపు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న గేటెడ్ కమ్యూనిటీల్లో. మూడు విల్లాలతో మొదలుపెట్టాం. ఇప్పుడు ఇరవై పైచిలుకు విల్లాలు, రెండు కమ్యూనిటీల పార్కులు చూస్తున్నాం. నాతో కలిపి ఆరుగురం.

మొదటి మిషన్ ఊరూ పేరూ లేని 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్, అంటే భుజానికి తగిలించుకుని, కొసన తిరిగే నైలాన్ దారంతోనో బ్లేడుతోనో గడ్డి కొట్టే మిషన్. తొమ్మిది వేలకు వస్తుంటే, అంత పెద్ద ఇంజిన్ ఇంత తక్కువకా అని సంబరపడి కొన్నాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఆగస్టులో, ముసురు పట్టి వారం రోజులు వదలకుండా వానలు పడ్డాక, తాడు లాగితే చేతికి బరువే తగల్లేదు. విప్పి చూస్తే స్టార్టర్ లోపలి ప్లాస్టిక్ చక్రం పళ్లు ఊడిపోయి ఉన్నాయి. నూట యాభై రూపాయల వస్తువు. దాన్ని సంచిలో వేసుకుని రాణిగంజ్‌లో షాపు షాపుకీ తిరిగాను. అందరూ చూసి, ఇలాంటిదే కానీ ఇది కాదు అన్నారు. పదకొండు రోజులు మిషన్ మూల పడి ఉంది. వానాకాలంలో పదకొండు రోజులంటే లాన్ మోకాలి కిందికి వస్తుంది. ఒక విల్లా వాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేదు, ఆ ఇంట్లో ఆ వారం పెళ్లిచూపులు.

అప్పటి నుంచి నేను మిషన్ కొనే పద్ధతి మారింది. ఎన్ని సీసీలు, ఎంత వెడల్పు కోస్తుంది అన్నది తర్వాత అడుగుతాను. ముందు షాపులో నాలుగు వస్తువుల పేర్లు చెబుతాను: స్టార్టర్ సెట్, కార్బురేటర్ కిట్, ఎయిర్ ఫిల్టర్, క్లచ్. ఈ నాలుగూ అప్పటికప్పుడు బల్ల మీద పెట్టగలిగితేనే మాట ముందుకు వెళ్తుంది. తెప్పిస్తాం సార్, వారంలో వస్తుంది అంటే అక్కడితో ఆపేస్తాను. మన పనిలో నెలకింత అని మాట్లాడుకుంటాం కాబట్టి మిషన్ ఎంత వేగంగా కోసిందన్నది ఎవరూ చూడరు. ఆగిపోయిన రోజు మాత్రం అందరికీ కనిపిస్తుంది.

రెండో మిషన్ హోండా జీఎక్స్35 ఇంజిన్ ఉన్న ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్. 35.8 సీసీ మాత్రమే. మొదటిదానికి మూడింతలు పెట్టి కొన్నాను. ఎనిమిదేళ్లలో దానికి మార్చినవి రెండు క్లచ్‌లు, మూడు కార్బురేటర్ కిట్‌లు, ఒక స్టార్టర్ తాడు, లెక్కలేనన్ని ప్లగ్గులు, ఫిల్టర్లు. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. ఇది కొన్నందుకు అసలు లాభం పెట్రోల్‌లో ఆయిల్ కలపాల్సిన పని లేకపోవడం. టూ స్ట్రోక్ మిషన్లలో చాలా కంపెనీలు చెప్పే లెక్క 50కి 1, అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్. లెక్క తేలికే. కానీ పొద్దున్నే ఆరుగురు హడావుడిగా బయల్దేరేటప్పుడు ఏ క్యాన్‌లో కలిపారో, ఏ క్యాన్‌లో కలపలేదో ఒక్కసారి తికమక పడితే పిస్టన్ పట్టేస్తుంది. మాకూ ఒకసారి అలాగే జరిగింది. అందుకే ఫోర్ స్ట్రోక్. ఇందులో పట్టే ఇంజిన్ ఆయిల్ 100 మిల్లీలీటర్లే. కొత్తలో పది గంటలు నడిచాక ఒకసారి, తర్వాత ప్రతి యాభై గంటలకు మార్చేస్తే చాలు. కానీ పట్టేది అంత తక్కువ కాబట్టి, కొంచెం తగ్గినా ఇంజిన్‌కు ప్రమాదమే. రోజూ మూత తీసి చూడకపోతే ఈ మిషన్ కొనొద్దు.

టూ స్ట్రోక్ పనికిరాదని కాదు. తేలిగ్గా ఉంటుంది, ముళ్లపొదలూ పిచ్చిచెట్లూ నరకడానికి బలం ఎక్కువ. ఖాళీ ప్లాట్లు శుభ్రం చేసే పని ఎక్కువగా వచ్చేవాళ్లకు అదే మేలు. నాది ఎక్కువగా విల్లాల పని, అంచులు కొట్టడమే.

నైలాన్ దారం సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మేం 2.4 మిల్లీమీటర్ల దారం వాడతాం. లావు దారం వేస్తే ఎక్కువ రోజులు వస్తుందని 3 మిల్లీమీటర్లది వేసి చూశాం. ఇంజిన్ మీద భారం పడి వేడెక్కింది, క్లచ్ తొందరగా అరిగింది. ఎండాకాలంలో దారం గట్టిపడి పుటుక్కున తెగుతుంటుంది. కావలసినంత కత్తిరించి ముందు రాత్రి బకెట్ నీళ్లలో నానబెట్టండి. నైలాన్ నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, తెగడం బాగా తగ్గుతుంది.

ఇక పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. రోజూ నడిచే కారుకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మన మిషన్లు మాత్రం వారాల తరబడి మూల ఉంటాయి. ఒకసారి జనవరిలో నెల రోజులు పక్కన పెట్టిన మోవర్ (చక్రాల మీద తోస్తూ లాన్ కోసే మిషన్) స్టార్ట్ కాకపోతే, ట్యాంకులో ఉన్నది గాజు సీసాలోకి వంపి ఎండలో పెట్టి చూశాను. పైన పసుపుపచ్చగా పెట్రోల్, అడుగున వేలు మందాన ఇంకో పొర. కదిలిస్తే రెండూ కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోయాయి. కార్బురేటర్ గిన్నెలో తెల్లటి పొడి, పెట్రోల్ వెళ్లే సన్నని జెట్ రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. అప్పటి నుంచి వారం దాటి వాడమని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపి మరీ పెడుతున్నాం. క్యాన్‌లో కూడా వారానికి సరిపడా కంటే ఎక్కువ ఉంచడం లేదు. ఈ ఒక్క అలవాటుతో మెకానిక్ దగ్గరికి వెళ్లడం సగానికి సగం తగ్గింది.

మోవర్ దగ్గరికి వచ్చేసరికి ముందు అడగాల్సింది ఆ లాన్‌లో ఏ గడ్డి ఉంది అని. మనవైపు విల్లాల్లో ఎక్కువగా వేసేది మెక్సికన్ గ్రాస్. అందరూ అలా పిలుస్తారు గానీ అది జోయ్‌సియా జాతి. ఒత్తుగా, తివాచీలా పెరుగుతుంది, తొందరగా ఎత్తు పెరగదు, కోతకు మాత్రం గట్టిగా ఉంటుంది. పార్కుల్లో, ఆటస్థలాల్లో గరిక జాతి ఎక్కువ. చెట్ల నీడ పడే చోట వెడల్పాటి ఆకుల గడ్డి వేస్తారు. మూడింటికీ ఒకే మిషన్ అని కొన్నవాళ్లు మూడింటినీ పాడుచేయడం చూశాను, నేనూ చేశాను.

2018లో ఒక విల్లాలో మెక్సికన్ లాన్ కోసి వచ్చిన మూడో రోజు ఆ ఇంటి అమ్మగారు పిలిచారు. లాన్ మొత్తం మీద బూడిద రంగు తెర కప్పినట్టు ఉంది. నీళ్లు తక్కువయ్యాయనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక పరక తెంపి చూస్తే అప్పుడు అర్థమైంది. కొస తెగినట్టు లేదు, నమిలి వదిలేసినట్టు పీచు పీచుగా ఉంది. ఆ పీచు ఎండి తెల్లబడింది. లాన్‌లో ప్రతి పరకా అలాగే ఉంటే దూరానికి బూడిద రంగులో కనిపించక ఏం చేస్తుంది? తప్పు నా మొద్దుబారిన బ్లేడుది. ఆవిడ కేకలు వేయలేదు. ఎప్పటికి పచ్చబడుతుందని మాత్రం అడిగారు. మూడు వారాలు పట్టింది.

రోటరీ మోవర్ గడ్డిని కత్తెరలా కోయదు, వేగంగా తిరుగుతూ కొట్టి తెంపుతుంది. అందుకే బ్లేడు పదును అంత ముఖ్యం. మేం పాతిక గంటలకోసారి ఆకురాయితో పదును పెడతాం. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్ క్యాప్ పీకేయడం మా దగ్గర అందరికీ ఖచ్చితమైన నియమం. పదును పెట్టాక గోడకు కొట్టిన మేకు మీద బ్లేడు మధ్య రంధ్రం ఆనించి వదులుతాం. ఏ వైపు వాలితే ఆ వైపు బరువు ఎక్కువున్నట్టు, అటు ఇంకాస్త రాయాలి. అలా చూడకుండా బిగిస్తే మిషన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి, నడిపేవాడికి సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతాయి.

అడుగు శుభ్రం చేయడానికి మోవర్ వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి. మా కుర్రాడు ఒకసారి దాన్ని కిందికి ఉండేలా వంచాడు. ఇంజిన్ ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగి, స్టార్ట్ చేయగానే వీధంతా తెల్లటి పొగ. వాడు భయపడి ఏడుపు మొహం పెట్టాడు. ఫిల్టర్ మార్చి, ప్లగ్ తుడిచాక మామూలైపోయింది. కొత్తగా చేరినవాళ్లకు ఇది మొదటి రోజే చూపించాలి, తప్పు వాళ్లది కాదు.

నేను మనసారా మెచ్చుకునే మిషన్ మాత్రం చేత్తో తోసే సిలిండర్ మోవర్. తిరిగే బ్లేడ్లు, కింద కదలని పట్టీ బ్లేడు, రెండిటి మధ్య గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. మెక్సికన్ లాన్‌కు ఇంతకు మించిన కోత ఇంకోటి నేను చూడలేదు. పెట్రోల్ అక్కర్లేదు, శబ్దం లేదు. చాలా కమ్యూనిటీల్లో ఉదయం తొమ్మిదికి ముందు మిషన్ శబ్దం రాకూడదు. ఆరున్నరకే ఒక విల్లా పూర్తి చేయగలుగుతున్నామంటే ఇదే కారణం. యాక్టివా ముందు భాగంలో పట్టేస్తుంది కూడా. మొదటి ఏడాది నాకు ట్రాలీ ఆటో లేదు, దీన్ని అలాగే తీసుకెళ్లేవాణ్ణి.

సరిచేయడం నేర్చుకోవాలి, అంతే. పట్టీ బ్లేడుకూ తిరిగే బ్లేడ్లకూ మధ్య పాత కాగితం ముక్క పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా కాగితం శుభ్రంగా తెగాలి. ఒక చోట తెగి ఇంకో చోట మడత పడితే పక్కనున్న స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాలి. మరీ బిగిస్తే తోయలేరు. ఏడాదికోసారి గ్రైండింగ్ పేస్టు పూసి సిలిండర్‌ను వెనక్కి తిప్పితే రెండు బ్లేడ్లూ ఒకదానికొకటి సానపట్టుకుంటాయి. గడ్డి రెండు అంగుళాలు దాటితే మాత్రం ఇది పని చేయదు, పరకలు వంగి కింద పడుకుంటాయి. వానాకాలంలో ఒక్క వారం తప్పినా ముందు రోటరీతో ఎత్తు తగ్గించాల్సిందే. అది కూడా ఒక్క దెబ్బకు కాదు. ఒక కోతలో పరక ఎత్తులో మూడో వంతుకు మించి తీస్తే లాన్ పసుపెక్కుతుంది.

వైరుతో నడిచే కరెంటు మోవర్ ఒకటి కొని ఆర్నెల్లకు అమ్మేశాను. పని బాగానే చేసింది. కానీ మంచు పడ్డ గడ్డి మీద వైరు ఈడ్చుకుంటూ మా కుర్రాళ్లు తిరుగుతుంటే నాకు ప్రతి నిమిషం టెన్షన్. ఒకసారి వైరు బ్లేడు కింద పడింది. ఆ ఇంట్లో బ్రేకర్ వెంటనే పడిపోయింది కాబట్టి సరిపోయింది. సొంత ఇంటి చిన్న లాన్‌కు పర్వాలేదు, నలుగురి ఇళ్లకు పనివాళ్లను పంపేవాళ్లు కొనకండి. బ్యాటరీ మోవర్ రెండేళ్లుగా వాడుతున్నాను. కొత్తలో ఒక ఛార్జింగ్‌కు ముప్పావు గంట వచ్చేది, ఇప్పుడు అరగంట వస్తోంది. రెండో బ్యాటరీ లేకుండా దీని మీద ఆధారపడలేం, ఆ రెండో బ్యాటరీ ధర మిషన్ ధరలో సగం ఉంటుంది. మొదటి మిషన్‌గా వద్దు. కోసిన గడ్డినీ ఆకులనూ గాలితో ఊదేసే బ్యాటరీ బ్లోయర్ మాత్రం కొనదగ్గదే.

స్ప్రేయర్లు రెండు పెట్టుకోండి. కలుపు మందుకు వాడింది వేరే దేనికీ వాడకూడదు. 2,4-డి అనే కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌ను ఎంత కడిగినా మిగిలిన కాస్త మందుకే గులాబీ ఆకులు ముడుచుకుపోతాయి. రెండింటి మీదా పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

రక్షణ సామాను ఖర్చు మిషన్ ధరలో భాగమే అనుకోవాలి. ముఖానికి షీల్డు, చెవులకు మఫ్, బూట్లు, మందపాటి ప్యాంటు. బ్రష్ కట్టర్ నడుస్తుంటే పదిహేను మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదని దాని పుస్తకంలోనే రాసి ఉంటుంది. విల్లాల మధ్య అంత జాగా దొరకదు, కాబట్టి ఒక మనిషి వల పట్టుకుని పక్కన నిలబడతాడు. 2019లో మా దారం కింద నుంచి ఎగిరిన కంకర రాయి ఒక కారు వెనక అద్దాన్ని పగలగొట్టింది. అద్దం డబ్బులు కట్టాను. పక్క గుమ్మంలో ఆ ఇంటి పాప సైకిల్ మీద ఉంది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ సాయంత్రమే వల కొన్నాను.

లక్ష రూపాయలు చేతిలో ఉండి ఇవాళ మొదలుపెట్టమంటే నేను కొనేవి: మంచి ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్ ఒకటి, 14 అంగుళాల సిలిండర్ మోవర్ ఒకటి, గడ్డి లాగే దంతెలు, కత్తెరలు, రెండు స్ప్రేయర్లు, రక్షణ సామాను. మిగిలినది విడిభాగాలకూ మొదటి రెండు నెలల జీతాలకూ ఉంచుతాను. పెట్రోల్ మోవర్ పార్కు కాంట్రాక్టు చేతికొచ్చాకే. డిసెంబర్, జనవరిలో చలికి గడ్డి పెరగదు, ఏప్రిల్, మేలో నీళ్ల ట్యాంకర్లకే దిక్కుండదు. ఆ నెలల్లో పెద్ద మిషన్ ఈఎంఐ కట్టడం చాలా కష్టం.

మేనల్లుడు అలాగే కొన్నాడు. పెద్ద లాన్ ఉన్న రోజు నా రోటరీ మోవర్ తీసుకెళ్తున్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "మామయ్యా, బ్లేడు పదును పెట్టి మేకు మీద చూశాను, ఎడమ పక్కకి వాలుతోంది" అన్నాడు. ఆ పక్కే ఇంకో రెండు సార్లు ఆకురాయి పెట్టి మళ్లీ చూడమన్నాను.