కోనసీమలో బండి మీద: హైవే దిగాకే అసలు దారి

హైదరాబాద్ నుంచి ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం మీదుగా కొవ్వూరు దాకా దారి గురించి చెప్పేదేం లేదు, లాగించేయొచ్చు. కోనసీమలోకి రాజమండ్రి తిరిగి 16వ నంబరు హైవే మీద పోవచ్చు గానీ అలా పోతే లారీలు తప్ప ఏమీ కనబడవు. కొవ్వూరు నుంచి నేరుగా విజ్జేశ్వరం వెళ్లి గోదావరి మీది బ్యారేజీ ఎక్కి, బొబ్బర్లంకలో దిగి ఆత్రేయపురం వైపు కాలవగట్టు పట్టుకోండి. ఒకపక్క నిండా నీళ్లు, ఇంకోపక్క అరటి, కొబ్బరి, మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాల్సిన రోడ్డు. లొల్ల లాకుల దగ్గర కాసేపు ఆగాల్సిందే. పూతరేకులు మాత్రం రోడ్డు పక్క బోర్డు చూసి కొనకుండా రేకు తీస్తున్న ఇంటి దగ్గరే తీసుకుంటే తాజాగా ఉంటాయి.

కోతల టైములో వస్తే జాగ్రత్త. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఆ గింజల మీద ముందు బ్రేకు పట్టారంటే అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చింది పి.గన్నవరం అక్విడెక్టు. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీద కాలువ. 19వ శతాబ్దంలో కట్టిన పాతది, దాని పక్కనే తర్వాత కట్టిన కొత్తది. నది మీదుగా ఇంకో నీటిని దాటించి అవతలి పొలాలకి ఇచ్చారన్నమాట. రిసార్టుల ఫొటోలు పెట్టేవాళ్లు దీన్నెందుకు వదిలేస్తారో అర్థం కాదు.

బస విషయానికొస్తే, అమలాపురంలో మామూలు లాడ్జీలు చాలు, హోటళ్లూ దగ్గరే. దిండిలో రిసార్టులు, హౌస్‌బోట్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ ఒంటరిగా బండి మీద వచ్చినవాడికి ఆ రేటు దండగ, ఫ్యామిలీతో వస్తే వేరే మాట. రాజోలు వైపు ఒక లాడ్జిలో బండి లోపలే పెట్టుకోవచ్చని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్లాక రోడ్డు మీదే పెట్టమన్నారు, పైగా ఏసీ రూముకి డబ్బులు తీసుకుని, కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుందన్నారు. రాత్రంతా బండి టెన్షనే. అందుకే గది కన్నా ముందు గేటు, తాళం చూడండి.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం మామూలు రోజుల్లో తొందరగానే అయిపోతుంది, మాఘమాసంలో కల్యాణం రోజుల్లో మాత్రం బండి తీసుకెళ్లొద్దు. గోదావరి ఇంకో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి, ఇసకలో స్టాండు దిగిపోతుంది, కింద చిన్న చెక్కముక్క పెట్టుకోవాలి.

తిరుగుదారికి చించినాడ వంతెన ఉంది, కానీ నేనైతే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని కూడా నది దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం వైపు దాటమంటాను. బల్లచెక్కల మీదుగా ఫస్టు గేరులో మెల్లగా ఎక్కించి, ఆపాక గేరులోనే ఉంచి, దిగేదాకా హ్యాండిల్ పట్టుకుని నిలబడాలి. కార్ల పక్కన కాకుండా అంచు వైపు చోటు అడిగితే అద్దాలు బతుకుతాయి. చీకటి పడ్డాక పంటు ఉంటుందనుకుని రావద్దు, ముందే రేవులో కనుక్కోండి.

వరదల సీజన్‌లో పులస చేప కోసం వచ్చినా నది మధ్యలోని లంకల్లోకి మాత్రం బండి దింపకండి. కనకాయలంక లాంటి చోట కాజ్‌వే (నీటి మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) మునిగితే మనుషులు పడవల్లో దాటాల్సిందే, మీ బండి అవతలే ఉండిపోతుంది.