సంక్రాంతి తర్వాత క్యాంపర్ బండిలో ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం: మజిలీలు, నీళ్లు, కరెంటు

నెల్లూరు వైపు చలికాలం క్యాలెండరు ప్రకారం రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, వాటి వెనకే వాయుగుండాలు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా దెబ్బతిని బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నవంబరులో సెలవు దొరికింది కదా అని క్యాంపర్‌లో, అంటే మంచం, వంట సామాను అమర్చుకుని అందులోనే పడుకునే వ్యానులో, బయల్దేరితే సగం రోజులు బండిలోనే కూర్చోవాల్సి వస్తుంది. లోపలి రోడ్లలో మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మల మీదా, చిన్న వాగుల మీదా ఉన్న చప్టాలు నాలుగు గంటల వానకే మునుగుతాయి. సంక్రాంతికి ఊళ్లకు వచ్చిన జనం వెనక్కి వెళ్లాక, అంటే జనవరి 20 ప్రాంతంలో మొదలుపెట్టి శివరాత్రికి రెండు రోజుల ముందే ముగించుకోవడం అన్నిటికన్నా మంచిది. వాన ఉండదు, చెరువులు నిండుగా ఉంటాయి, రాత్రి ఫ్యాను చాలు.

ఈ ప్రయాణంలో ఖర్చునూ సుఖాన్నీ తేల్చేది రాత్రి మజిలీ. చూడాల్సిన ఊళ్లు ముందు రాసుకుని, పడక సంగతి అప్పుడు చూద్దాంలే అనుకుంటే చీకటి పడ్డాక మిగిలేది హైవే అంచు, లేకపోతే లాడ్జి. ముందు మజిలీలు ఖాయం చేసుకుని, వాటి మధ్య చూసేవి ఇరికించుకోవాలి. జనవరిలో ఆరింటికల్లా పొద్దు గూకుతుంది కాబట్టి ఐదింటికి మజిలీ చేరి, వెలుగుండగానే నేల, చుట్టుపక్కల చూసుకోవాలి.

ఖర్చు లేని మజిలీల్లో మొదటిది హైవే మీది పెద్ద పెట్రోలు బంకు. లైట్లు, కెమెరాలు, మరుగుదొడ్డి, రాత్రంతా మనుషులు ఉంటారు. నాయుడుపేట నుంచి ఒంగోలు దాకా ఇలాంటివి కావలసినన్ని. అయితే అడిగే పద్ధతి ఉంది. డీజిల్ సాయంత్రమే కొట్టించి, బిల్లు చేతిలో ఉండగా షిఫ్టు మేనేజరు దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈ రాత్రికి బండి ఆ మూలన పెట్టుకుని పడుకుంటాం, పొయ్యి వెలిగించం, పొద్దున ఆరింటికి వెళ్లిపోతాం" అని సూటిగా చెప్పాలి. పొయ్యి మాట ఎత్తడం ముఖ్యం. వాళ్ల భయం దాని గురించే, మనం పాటించాల్సిందీ అదే. బంకు ఆవరణలో వంట ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, రాత్రి భోజనం బయటే ముగించుకుని రావాలి.

బండి ఏ మూలన పెట్టాలన్నది ఇంకా పెద్ద విషయం. భూమిలోని ట్యాంకుల మూతలు ఎక్కడున్నాయో చూసి వాటికి దూరంగా పెట్టాలి. ట్యాంకరు రాత్రి రెండింటికి వచ్చినా అక్కడే ఖాళీ చేస్తారు, అప్పుడు లేపి బండి తీయమంటారు. గాలి మిషను పక్కన కూడా వద్దు. ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన బెడద రొయ్యల కంటైనర్లు. చల్లదనం పోకూడదని వాటి ముందు భాగంలో ఉన్న కూలింగ్ యూనిట్ ఇంజను తెల్లవార్లూ ఆగి ఆగి మోగుతుంది. తెల్లటి పెట్టెలాంటి బాడీ, క్యాబిన్ పైన ఫ్యాను జాలీ కనిపిస్తే కనీసం నాలుగు బండ్ల దూరం ఉంచండి. లారీల వరసలో చివరన, ముక్కు బయటికి పెట్టి ఆపితే పొద్దున మూడు, నాలుగింటికి వాళ్లు కదిలినప్పుడు మనకు అడ్డం ఉండదు.

హైవే పక్కన లారీల కోసం వేసిన వెడల్పాటి ఖాళీలు కూడా ఉచితమే కానీ వాటిని ఎవరికీ సిఫారసు చేయలేం. వెలుతురు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. జనవరి తెల్లవారుజామున గూడూరు, నాయుడుపేట వైపు పొలాల మీంచి దట్టంగా మంచు దిగుతుంది, ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు జరిగేది అప్పుడే. ఇదే కారణంతో ఏడింటికి ముందు హైవే ఎక్కకపోవడం మేలు. ధాబాలు వీటికంటే నయం. రాత్రి భోజనం అక్కడే చేస్తామంటే చోటు ఇస్తారు, మంచాలు కూడా ఉంటాయి. పాటల హోరు, పొగ భరించగలిగిన వాళ్లకు సరిపోతాయి.

మనసుకు నచ్చే మజిలీలు మాత్రం గుళ్ల దగ్గరే. పెంచలకోన, జొన్నవాడ, సింగరాయకొండ, త్రిపురాంతకం లాంటి చోట్ల యాత్రికులు రాత్రి ఉండటం కొత్త కాదు కాబట్టి బండిలో పడుకుంటామంటే ఎవరూ వింతగా చూడరు. దేవస్థానం ఆఫీసులో చెప్పి, పార్కింగు రుసుము కట్టి, రసీదు ముందు అద్దం దగ్గర పెట్టండి. గుడి ఆవరణలో బండిలోనైనా సరే గుడ్డు, మాంసం, మందు వద్దు. ఇది మర్యాద మాత్రమే కాదు, వెనక వచ్చే బండ్లకు ఆ చోటు మిగలాలంటే తప్పదు. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, గుడి మైకు తెల్లవారక ముందే మొదలవుతుంది, అయ్యప్ప మాలల రద్దీ కూడా అప్పుడే. సంక్రాంతి తర్వాత వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం.

వీటిలో పెంచలకోనకు మొదటి స్థానం ఇవ్వాలి. కొండల మధ్య చదునైన చోటు, చల్లటి గాలి, అన్నదానం, స్నానానికి నీళ్లు. రాపూరు దాటాక దారి అడవి అంచున సాగుతుంది, చీకటి పడక ముందే చేరండి. కోతులతో జాగ్రత్త: వైపర్ రబ్బర్లు పీకేస్తాయి, కిటికీకి అతికించిన మెత్తటి నైలాన్ మెష్ చింపేస్తాయి. పగలు అద్దాలు పూర్తిగా మూసి ఉంచండి. జొన్నవాడ నెల్లూరుకు దగ్గర, పెన్నా ఒడ్డున ఉంటుంది. అమ్మవారి సన్నిధిలో నిద్ర చేసే మొక్కు ఉన్నవాళ్లు వస్తుంటారు కాబట్టి శుక్రవారం తప్పించి వెళితే చోటు సులువుగా దొరుకుతుంది. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా రోజుల్లో కొండ నిర్మానుష్యంగా ఉంటుంది, అప్పుడు రాత్రి ఉండొద్దు. భైరవకోనకు పగలు వెళ్లి రావడం మేలు. రాతిని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం చూడటానికి సగం రోజు పడుతుంది. ఆ తర్వాత సీఎస్ పురం వైపో పామూరు వైపో వచ్చి ఊళ్లో ఆపుకోండి.

సముద్రం పక్కన పడుకోవాలని అందరికీ ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం, పాకల మూడూ పగటి పూటకు చక్కటి చోట్లు, రాత్రికి కావు. చీకటి పడ్డాక పోలీసులు తీరం ఖాళీ చేయిస్తారు, అది సబబే. ఉప్పు గాలికి బ్యాటరీ టెర్మినళ్లు, బల్బు హోల్డర్లు తుప్పు పడతాయి. అన్నిటికీ మించి ఇసుక. రోడ్డు చివర గట్టిగా కనిపించే నేల మీద కూడా రెండు టన్నులు దాటిన బండి వెనక చక్రాలు దిగబడతాయి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు, చక్రం ఇంకా గుంత తవ్వుకుంటుంది. నాలుగు టైర్లలో గాలి మూడో వంతు తగ్గించి, చక్రాల ముందు ఇసుక పారతో తీసి, గోనె సంచులు పరిచి, రెండో గేరులో మెల్లగా కదలాలి. బయటికి రాగానే గాలి మళ్లీ నింపడానికి 12 వోల్టుల కంప్రెసర్ వెంట ఉండాలి. తగ్గిన గాలితో హైవే మీద పరుగెత్తితే టైరు వేడెక్కి పేలుతుంది. పల్లెకారుల ట్రాక్టరు పిలిస్తే వస్తుంది, ధర ముందే మాట్లాడుకోండి.

పక్షుల కోసం వచ్చేవాళ్లకు నేలపట్టు, పులికాట్ తప్పనిసరి. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. జనవరిలో పిల్లలకు మేత పెట్టడం గట్టు మీంచే కనిపిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది, రాజహంసలు (ఫ్లెమింగోలు) రెండు వైపులా కనిపిస్తాయి. ఆ రోడ్డు మీద కాసేపు ఆగొచ్చు, పడుకోవడం కుదరదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆంక్షలుంటాయి, తేదీ చూసుకుని వెళ్లండి. రాత్రికి హైవే బంకే దిక్కు.

అక్కడి నుంచి వెంకటగిరి, రాపూరు మీదుగా పెంచలకోన, సోమశిల డ్యాము, ఉదయగిరి కోట, భైరవకోన, కనిగిరి, మార్కాపురం, కంభం చెరువు, త్రిపురాంతకం, తర్వాత ఒంగోలుకు దిగి తీరం వెంబడి నెల్లూరు. ఇదే చుట్టు. పక్కదారులతో కలిపి రమారమి 1,000 కిలోమీటర్లు. లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లు ఇచ్చే ట్రావెలర్ (చిన్న బస్సు లాంటి వ్యాను) బండికి 95 లీటర్ల డీజిల్ అవుతుంది. మూడు వారాలు పెట్టుకుంటే హడావుడి ఉండదు. కంభం చెరువు కట్ట మీద సాయంత్రం నడిచి, రాత్రికి కంభం ఊళ్లోకి వచ్చేయండి, కట్ట మీద బండి ఆపొద్దు. శ్రీశైలం కూడా కలుపుకోవాలనుకుంటే దోర్నాల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లను వదలరు. శివరాత్రి ముందు ఆ దారి నిండా కాలినడక భక్తులే. ఒంగోలుకు దిగేటప్పుడు చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీలు ఉంటాయి, ఆ రోడ్డు పగలే దాటండి.

ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో నీళ్ల విషయం గట్టిగా చెప్పాలి. కనిగిరి, పామూరు చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇక్కడి చాలా బోర్లలో అది దాటుతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా దాన్ని ఆపలేదు. తాగడానికి, వంటకు ఆర్వో ప్లాంటు నీళ్లే పట్టుకోండి, ప్రతి పెద్ద ఊళ్లో ప్లాంటు ఉంది. ఇద్దరికి రోజుకు తాగను, వండను 8 లీటర్లు, గిన్నెలకు, ముఖం కడుక్కోవడానికి 12 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు మూడు ఉంటే మూడు రోజులు దిగుల్లేదు. తాగే క్యాన్‌కు రంగు తాడు కట్టి వేరుగా ఉంచండి. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కడగడానికి పనికొస్తాయి.

ఇక బండి సంగతి. మంచం, అల్మారా లాంటివి ఉన్న సీటు బోల్టులకే బిగించి, విప్పితే వచ్చేలా ఉంచుకుంటే చిక్కులు తక్కువ. బాడీ కోసి కిటికీ పెట్టడం, పైకప్పు ఎత్తడం లాంటి శాశ్వత మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఏ అనుమతి కావాలి. అది లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర ఇబ్బంది.

కరెంటు లెక్క కాగితం మీద వేసుకోండి. 20 వాట్ల ఫ్యాను తొమ్మిది గంటలకు 180, లైట్లు, ఫోన్లు 100, చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఉంటే ఇంకో 430 వాట్-అవర్లు. రోజుకు మొత్తం 700 పైన. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ సుమారు 1,280 ఇస్తుంది, అందులో వెయ్యి వాడుకోవచ్చు. అంటే ఫ్రిజ్‌తో ఒక రోజున్నర, ఫ్రిజ్ లేకుండా మూడు రోజులకు పైనే. పాలు, పెరుగు ఏ ఊళ్లోనైనా దొరికే ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో ఫ్రిజ్ అనవసరమని మా గట్టి అభిప్రాయం. బీఎస్ 6 (కొత్త పొగ ప్రమాణాల) బండ్లలో ఆల్టర్నేటర్, అంటే ఇంజనుతో తిరిగి కరెంటు ఇచ్చే మిషను, వోల్టేజీ మారుతూ ఉంటుంది, అందుకే దాన్ని బ్యాటరీకి కలిపే ఉత్త రిలే స్విచ్చి పెడితే బ్యాటరీ నిండదు. వోల్టేజీని సరిచేసి ఇచ్చే 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు పెట్టండి, మూడు గంటల ప్రయాణానికి 800 వాట్-అవర్ల దాకా వస్తుంది. వైరు 16 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు లోపలే. ఫ్యూజు దూరంగా ఉంటే, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు అది కాపాడలేదు.

చలి బాధ ఉండదు, తేమతోనే తంటా. తెల్లవారుజామున ఇద్దరి ఊపిరికి అద్దాలు కారతాయి, పరుపు అడుగు తడుస్తుంది. మంచానికి నిండు ప్లైవుడ్ కాకుండా రెండు వేళ్ల సందుతో చెక్క పట్టీలు వేస్తే గాలి ఆడి బూజు పట్టదు. ఎదురెదురు కిటికీలు అంగుళం చొప్పున తెరిచి మెష్ బిగించాలి. వరి మళ్లు, రొయ్యల చెరువుల మధ్య దోమలు పొద్దు వాలగానే దాడి చేస్తాయి, తలుపు ఆరింటికి ముందే మూసేయండి. గ్యాసుకు 5 కిలోల చిన్న సిలిండర్ ఇద్దరికి దాదాపు నెల వస్తుంది. ఆ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కింద చేరుతుంది, అందుకని నేల మట్టంలో ఒక రంధ్రం తప్పక ఉండాలి. పడుకునే ముందు రెగ్యులేటరు తీసేయండి.

టోలు విషయానికొస్తే సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు ప్లాజాలు హైవే మీద వస్తాయి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన 200 ట్రిప్పుల ఏడాది పాసు సొంత తెల్ల బోర్డు కార్లు, జీపులు, వ్యాన్లకే, అద్దెకు తెచ్చిన పసుపు బోర్డు క్యాంపర్‌కు వర్తించదు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో తరచూ వచ్చేవాళ్లకు లాభం, ఈ ఒక్క చుట్టుకే అయితే గిట్టదు.

నాలుగు రోజులకొకసారి మాత్రం లాడ్జి గది తీసుకోండి. నెల్లూరు, ఒంగోలు, మార్కాపురం ఇందుకు అనువైనవి. బట్టలు ఉతికి ఆరేసుకోవచ్చు, బ్యాటరీ పూర్తిగా నింపుకోవచ్చు. బండిలో చిన్న టాయ్‌లెట్ పెట్టె ఉంటే దాన్ని అక్కడి మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయండి, పంట కాలువలోనో చెరువు గట్టునో వద్దు. గది తీసుకునే ముందు పార్కింగు గేటు ఎత్తు చూడండి. ట్రావెలర్ బండి పైన సోలార్ పలక కూడా ఉంటే సెల్లారులో పట్టదు, వీధిలో పెట్టాల్సి వస్తుంది. అలాంటప్పుడు కిటికీలోంచి బండి కనిపించే గదే అడగండి.