విదేశంలో దారితప్పిన కుక్క కనిపిస్తే: వీధిలో అడగడమా, చిప్ చూపించడమా, షెల్టర్‌కి ఇవ్వడమా?

హైదరాబాద్‌లోని మా సైనిక్‌పురి నుంచి చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిన పిల్లలు అమెరికాలోని న్యూజెర్సీ నుంచో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచో నాకు ఒకే రకం మెసేజ్ పెడుతుంటారు. "అక్కా, మా అపార్ట్‌మెంట్ ముందు కుక్క ఒక్కటే తిరుగుతోంది. మెడకి పట్టీ ఉంది. ఎవరిదో తెలీదు. ఏం చేయాలి?" ఇక్కడ నేను వీధి కుక్కలకి తిండి పెట్టడం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకీ టీకాలకీ తీసుకెళ్ళడం, తప్పిపోయిన పెంపుడు కుక్కల్ని ఇల్లు చేర్చడం వాళ్ళు చిన్నప్పటి నుంచీ చూశారు. అందుకే అంత దూరం నుంచి నన్ను అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్తూ వచ్చిన మాటల్ని ఇప్పుడు ఒక్కచోట రాస్తున్నాను.

హైదరాబాద్ అలవాటుతో అక్కడి కుక్కని చూస్తే పొరపాటు పడతాం. ఇక్కడ గల్లీలో కుక్క కనిపిస్తే అది ఆ గల్లీదే. చెవి కొస కత్తిరించి ఉందంటే ఆపరేషన్ అయింది, టీకా పడింది, పట్టుకున్నచోటే మళ్ళీ వదిలారని అర్థం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేదీ అదే. అలాంటిదాన్ని "పాపం" అనుకుంటూ కారెక్కించుకుని వెళ్తే, దాని ఇంటి నుంచి దాన్ని ఎత్తుకుపోయినట్టే. లీడ్స్‌లో సంగతి వేరు. అక్కడ రోడ్డు మీద కుక్క ఒంటరిగా ఉందంటే దానికోసం ఎవరో పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతున్నారనే అనుకోవాలి. అమెరికా అంతా ఒకటి కాదు. డాలస్ దక్షిణ భాగంలో వదిలేసిన కుక్కలు చాలానే తిరుగుతుంటాయి. అయినా మెడకి పట్టీ ఉన్నా, మనిషిని చూసి తోక ఊపుతూ దగ్గరికొచ్చినా, దానికి ఇల్లుందనే మొదలుపెట్టండి.

దారులు నాలుగు. దొరికినచోటే అడిగి చూడటం, వెట్ (పశువుల డాక్టర్) దగ్గర చర్మం కింద వేసే చిప్‌ని స్కాన్ చేయించడం, అక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌కో దారితప్పిన జంతువుల్ని ఉంచే షెల్టర్‌కో చెప్పడం, ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టడం. పిల్లలు సాధారణంగా చివరిదానితో మొదలుపెడతారు, ఫోన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి. నేను మాత్రం అన్నిటికంటే ముందు ఒకటే అడుగుతాను: ఈ కుక్క మనిషి ఈ నిమిషంలో ఎక్కడ వెతుకుతూ ఉంటాడు? మనం ఉండాల్సింది అక్కడ. మనకి ఏది సులువు, ఏది ఆధునికం అన్నవి దాని తర్వాతే.

ఆ మనిషి వెతికేది తన వీధిలోనే. ఇది నా ఊహ కాదు. అమెరికాలో ఇంటింటికీ ఫోన్ చేసి అడిగి, 2012లో ప్రచురించిన ఒక సర్వే ఉంది. తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం మళ్ళీ ఇంటికి చేరాయి. అలా చేరినవాటిలో 49 శాతం ఇంటివాళ్ళు చుట్టుపక్కల వెతికితే దొరికినవే. 20 శాతం వాటంతటవే తిరిగొచ్చాయి. మెడబిళ్ల వల్లో చిప్ వల్లో దొరికినవి 15 శాతం, షెల్టర్‌లో దొరికినవి 6 శాతం. దీన్నిబట్టి చూస్తే, కనిపించిన కుక్కని వెంటనే కారులో ఎక్కించి పది మైళ్ళ అవతలున్న మన ఫ్లాట్‌కి తీసుకుపోతే, అది దొరికే ముఖ్యమైన దారిని మనమే మూసేస్తున్నాం. రెండు వీధుల అవతల నుంచి పిలుచుకుంటూ వస్తున్న మనిషికి ఇక అది ఎప్పటికీ కనపడదు.

కాబట్టి మొదటి గంట అక్కడే ఉండండి. వెంట పడితే పరిగెత్తి ఇంకా దూరం పోతుంది. పక్కకి తిరిగి కూర్చుని, కళ్ళలోకి చూడకుండా, చేతిలో ఏదైనా తినేది పెట్టుకుని ఆగితే చాలాసార్లు తనే వస్తుంది. దగ్గరికొచ్చాక చున్నీనో బెల్టో పట్టీలోంచి దూర్చి పట్టుకోండి. మెడబిళ్ల మీద నంబర్ ఉందేమో చూడండి. బ్రిటన్‌లో బయట తిరిగే కుక్క పట్టీకి యజమాని పేరు, చిరునామా ఉండాలని 1992 నుంచి నిబంధన ఉంది. బిళ్ల లేకపోతే నడవండి, కుక్కనే ముందు నడవనివ్వండి. కొన్ని కుక్కలు నేరుగా సొంత గేటు దగ్గరికే తీసుకెళ్తాయి.

ఇక అడగడం. ఇక్కడ దీపావళి టపాకాయలకి బెదిరి పారిపోయి వచ్చిన బీగిల్ జాతి కుక్కని మా ఇస్త్రీ బండాయన చూస్తూనే గుర్తుపట్టాడు. "ఇది వెనక అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్ మేడమ్‌వాళ్ళది, పొద్దున్నే ఇటే తిప్పుతరు" అన్నాడు. వాచ్‌మన్, పాలబ్బాయి, కిరాణా కొట్టాయన, వీళ్ళకి కాలనీలో ఏ కుక్క ఎవరిదో తెలుసు. అక్కడ ఇస్త్రీ బండి లేదు కానీ ఆ పని చేసే మనుషులున్నారు. రోజూ ఉత్తరాలు వేసే పోస్ట్‌మన్‌కి ప్రతి ఇంటి కుక్కా తెలుసు, తెలియక తప్పదు. పార్సిల్ తెచ్చేవాళ్ళు, స్కూల్ బస్సు దగ్గర నిలబడే తల్లులు, అన్నిటికంటే ముఖ్యంగా వేరే కుక్కల్ని నడిపిస్తున్నవాళ్ళు. కుక్కని తిప్పేవాళ్ళకి పక్కింటి మనిషి పేరు తెలియకపోయినా పక్కింటి కుక్క పేరు తెలిసి ఉంటుంది.

పిల్లల సంకోచం నాకు తెలుసు. పరాయి దేశంలో తెలియని ఇంటి తలుపు ఎలా కొడతాం, అందులోనూ అమెరికాలో. ఆ జాగ్రత్త అవసరమే. వెలుతురులో వెళ్ళండి, ఇద్దరు కలిసి వెళ్ళండి, బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కొచ్చి కుక్క కనపడేలా నిలబడండి, పెరట్లోకి మాత్రం అడుగు పెట్టొద్దు. తలుపులు కొట్టడం అస్సలు కుదరదంటే కాగితం అంటించండి. పెద్ద అక్షరాల్లో "కుక్క దొరికింది" అని ఇంగ్లీషులో రాసి, ఒక ఫొటో, ఒక నంబర్. కారులో పోతున్నవాళ్ళకి కూడా చదవడానికి వీలుండాలి. ఫేస్‌బుక్ లేని ముసలాయన కుక్కకి ఆ కాగితమే దిక్కు.

వీధిలో పని కాకపోతే అప్పుడు చిప్. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు. ఏ వెట్ క్లినిక్‌కి తీసుకెళ్ళినా స్కాన్ చేసి చూస్తారు, సాధారణంగా డబ్బు తీసుకోరు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 2016 ఏప్రిల్ నుంచి కుక్కలకి చిప్ తప్పనిసరి. ఆస్ట్రేలియాలోనూ దాదాపు అంతటా తప్పనిసరే. అమెరికాలో చాలా చోట్ల యజమాని ఇష్టం.

చిప్ అంటే జీపీఎస్ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అందులో బ్యాటరీ ఉండదు, పేరూ ఫోన్ నంబరూ ఉండవు. స్కానర్ పెడితే ఒక సంఖ్య, ఎక్కువగా 15 అంకెలది, కనిపిస్తుంది, అంతే. ఆ సంఖ్య ఏ కంపెనీ దగ్గర నమోదైందో వెతికి, వాళ్ళని అడిగితే, వాళ్ళు యజమానికి కబురు పెడతారు. అమెరికాలో అయితే జంతు ఆసుపత్రుల సంఘం నడిపే ఉచిత వెబ్‌సైట్‌లో సంఖ్య కొడితే ఏ కంపెనీయో చెబుతుంది. ఆ సంఖ్యని మీరూ రాసుకోండి, ఫొటో తీసుకోండి.

చిప్ ఎంత పని చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఒకే అధ్యయనంలో ఉన్నాయి. 2009లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికా షెల్టర్ల లెక్కలు చూశారు. షెల్టర్‌కి వచ్చిన ఊరిమీది కుక్కల్లో మొత్తంగా సుమారు 22 శాతం యజమానుల దగ్గరికి చేరితే, చిప్ ఉన్నవాటిలో 52 శాతం చేరాయి. ఇంత తేడా ఉంది కాబట్టే వీధి తర్వాత నా ఓటు దీనికి. మరి చిప్ ఉండి కూడా మనిషి ఎందుకు దొరకలేదని చూస్తే, మూడో వంతుకి పైగా వాటిలో ఫోన్ నంబర్ తప్పు, లేదా ఆ నంబర్ పని చేయడం లేదు.

ఇక్కడ మనవాళ్ళకే ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ నుంచి కుక్కని వెంట తీసుకెళ్ళేవాళ్ళు ప్రయాణం కోసం చిప్ వేయిస్తారు, కాగితాల్లో సంఖ్య రాయించుకుంటారు, అంతటితో అయిపోయిందనుకుంటారు. ఆ చిప్‌కి ఇక్కడి సిమ్ నంబర్ ముడిపడి ఉంటుంది, లేదా ఏమీ ముడిపడి ఉండదు. అక్కడ దిగిన వారంలోనే ఆ దేశపు డేటాబేస్‌లో కొత్త చిరునామా, కొత్త నంబర్ ఎక్కించండి. ఇల్లు మారినప్పుడల్లా మార్చండి.

షెల్టర్ విషయానికొస్తే, పిల్లలు భయపడేది అక్కడే: "ఇచ్చేస్తే చంపేస్తారేమో అక్కా." ఆ భయం ఉత్తదేమీ కాదు. అమెరికాలో సాధారణంగా కొన్ని రోజులే ఉంచుతారు, ఎన్ని రోజులన్నది రాష్ట్రాన్నీ కౌంటీనీ బట్టి మారుతుంది. కిక్కిరిసిన షెల్టర్‌లో గడువు దాటాక ఏమైనా జరగొచ్చు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఏడు రోజులు ఉంచుతుంది. కానీ చెప్పడం వేరు, అప్పగించడం వేరు. కుక్క పోయినవాళ్ళు కౌన్సిల్‌కీ షెల్టర్‌కీ ఫోన్ చేస్తారు కాబట్టి అక్కడి పుస్తకంలో మీ పేరు ఉండి తీరాలి. ఇంగ్లండ్‌లో అది చట్టం కూడా: 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం దొరికిన కుక్కని యజమానికైనా ఇవ్వాలి, కౌన్సిల్‌కైనా తెలపాలి. పోలీసులకి చెప్పి లాభం లేదు, 2008 నుంచి ఆ బాధ్యత కౌన్సిళ్ళదే. అమెరికాలో చాలా షెల్టర్లు "దొరికింది" అని రిపోర్ట్ రాయించుకుని, కుక్కని మీ ఇంట్లోనే ఉంచుకోమంటాయి. ఖాళీ లేని షెల్టర్‌కి అదే ఉపకారం. మీ ఇంటి అగ్రిమెంట్ ఒప్పుకుని, మీకు వీలుంటే, రిపోర్ట్ ఇచ్చి ఇంట్లో ఉంచుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. హాస్టల్లో ఉన్నా, రూమ్మేట్స్‌కి భయమున్నా, కుక్కకి దెబ్బ తగిలి ఉన్నా అప్పగించడమే సరైనది. అందులో తప్పేం లేదు.

వీసా మీద ఉన్నాం, ఆఫీసులకి ఫోన్ చేస్తే ఏమవుతుందో అని కొందరు ఊరుకుంటారు. దొరికిన కుక్క గురించి చెప్పినందుకు ఎవరికీ ఏమీ కాదు. చెప్పకుండా ఇంట్లో పెట్టుకుంటేనే చిక్కు. యజమాని తర్వాత చూస్తే దొంగతనం అనగలడు.

జర్మనీ నుంచి అడిగేవాళ్ళు తక్కువ, అక్కడ పని కూడా తేలిక. కుక్కకి పన్ను కట్టాలి, ఆ పన్ను బిళ్ల పట్టీకి వేలాడుతుంటుంది. చిప్ సంఖ్య చాలావరకు టాసో అనే సంస్థ దగ్గర నమోదై ఉంటుంది.

ఆన్‌లైన్ పోస్ట్ పెట్టండి, తప్పు లేదు. నెక్స్ట్‌డోర్ అనే ఇరుగుపొరుగు యాప్‌లో, ఆ ఊరి ఫేస్‌బుక్ గ్రూపుల్లో పెడితే చాలు, మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెడితే సానుభూతి తప్ప రాదు. ఒక్క జాగ్రత్త: కుక్క గుర్తులన్నీ రాయకండి. పొట్ట మీది మచ్చో, కాలి మీది పాత గాయమో ఒకటి మీ దగ్గరే దాచుకోండి.

ఇదంతా చదివి హైదరాబాద్‌లో ఎలా అని అడుగుతారు. వరుస అదే, కాకపోతే చిప్ మీద ఇక్కడ అంత ఆశ పెట్టుకోలేం. మేం స్కాన్ చేయించినవాటిలో చిప్ ఉన్నవి చాలా తక్కువ. ఇంకో బాధ కూడా ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు దొరికే జాతి కుక్కల్లో కొన్నిటికోసం ఎవరూ వెతకడం లేదు. ఇంటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఏ దేశమో వెళ్ళిపోతూ గేటు బయట విడిచిపెట్టినవి. గోళ్ళు కత్తిరించి ఉంటాయి, "సిట్" అంటే కూర్చుంటాయి, ఆగిన ప్రతి కారు దగ్గరికీ వెళ్ళి చూస్తాయి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంపుడు జంతువుని అలా వదిలేయడం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. దశాబ్దాలుగా ఆ అంకె మారలేదు. వెళ్ళేముందు మూడు నెలలు టైముంటే చాలు, దానికి ఇంకో ఇల్లు చూడటం కష్టమేం కాదు. మాలాంటివాళ్ళని ఎవర్ని అడిగినా సాయం చేస్తాం.

కరుస్తుందేమో అన్న భయం గురించి కూడా అడుగుతారు. బ్రిటన్‌లో కుక్కల్లో రేబిస్ లేదు. అమెరికాలోనూ కుక్కల నుంచి కుక్కలకి పాకే రేబిస్ పోయిందని 2007లో ప్రకటించారు, రకూన్లనే అడవి జంతువుల వల్లా గబ్బిలాల వల్లా వచ్చే ముప్పు మాత్రం ఉంది. పన్ను దిగితే ఏ దేశమైనా 15 నిమిషాలు సబ్బుతో కడిగి డాక్టర్‌కి చూపించాలి.

చివరికి "నాదే" అంటూ ఎవరో వస్తారు. కుక్క తోక ఊపిందని ఇచ్చేయకండి, బాగా పెరిగిన కుక్క ఎవరికైనా ఊపుతుంది. పాత ఫొటోలు చూపించమనండి, వెట్ బిల్లో టీకా పుస్తకమో అడగండి, మీరు దాచుకున్న ఆ మచ్చ ఎక్కడుందో వాళ్ళనే చెప్పనివ్వండి. నిజమైన మనిషికి ఈ ప్రశ్నలకి కోపం రాదు. అప్పగించిన రోజే కౌన్సిల్‌కో షెల్టర్‌కో ఫోన్ చేసి మీ రిపోర్ట్ మూసేయమనండి, ఆన్‌లైన్ పోస్ట్ మీద "ఇల్లు చేరింది" అని రాయండి, స్తంభాలకి అంటించిన కాగితాలు మీరే పీకేయండి. ఆ కాగితాలు అలాగే ఉంటే, రేపు ఇంకో కుక్క పోయినవాళ్ళు అది తమదేనేమోనని మీకు ఫోన్ చేస్తారు.