హ్యాండిల్ నాలుగు సెంటీమీటర్లు వెనక్కి జరిగాక

ముందు నా కొలతలు చెప్పాలి. అవి తెలియకపోతే ఈ హ్యాండిల్ సమీక్ష ఎవరికీ పనికిరాదు. ఎత్తు 160 సెంటీమీటర్లు, వయసు 44. హైదరాబాద్ తార్నాకలో ఇల్లు, ఘట్‌కేసర్ దాటాక జూనియర్ కాలేజీ, అందులో భౌతికశాస్త్రం చెబుతాను. రానూపోనూ రోజుకు నలభై కిలోమీటర్ల పైమాటే. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. బరువు రెండు వందల కిలోల పైచిలుకు, సీటు ఎత్తు 804 మిల్లీమీటర్లు. ఆగినప్పుడు నాకు పాదాల ముందు భాగం మాత్రమే నేలకు ఆనుతుంది.

అసలు బండి నాది కాదు, మా తమ్ముడిది. వాడు ఆరడుగుల మనిషి. ఉద్యోగానికి డాలస్ వెళుతూ, "అక్కా, వారానికోసారి స్టార్ట్ చేసి పెట్టు, బ్యాటరీ పోకుండా ఉంటే చాలు" అని తాళం నా చేతిలో పెట్టాడు. మా నాన్న బుల్లెట్ మీద బండి నేర్చుకున్నదాన్ని నేను. వారానికోసారితో ఎలా ఆగుతాను?

బండిలో లోపమేమీ లేదు. వాడి చేతులకు అమరిన హ్యాండిల్ నా చేతులకు దూరమైంది, అంతే. సీటులో కాస్త ముందుకు జరిగి కూర్చున్నా మోచేతులు కర్రల్లా నిటారుగా సాగేవి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ స్తంభాల పక్కనుంచి వెళ్లే దారి తెలిసినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. మోచేతిలో వంపు ఉంటే గుంత దెబ్బలో కొంత ఆ వంపులో పోతుంది. లేకపోతే అరచేతిలో మొదలై భుజం దాకా ఎక్కుతుంది. రెండు నెలలకు కుడి చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు సగం తిమ్మిరెక్కడం మొదలైంది. బోర్డు మీద రాస్తున్నప్పుడు చిటికెన వేలు బోర్డుకు ఆనిందో లేదో చూస్తే తప్ప తెలిసేది కాదు.

డాక్టరు గారు చేయి అటూ ఇటూ తిప్పి చూసి ఒక్క ప్రశ్న అడిగారు: "ఏ వేళ్లు?" ఆ ప్రశ్న ఎందుకో ఆయనే వివరించారు. చిటికెన వేలి వైపు వెళ్లే నరం అరచేతి బయటి అంచులో పైపైనే ఉంటుంది. ఒంటి బరువు అక్కడ మోపితే నలుగుతుంది. బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కితే అది మణికట్టు నడుమ నుంచి వెళ్లే వేరే నరం. నాది మొదటి రకం. "బండి మానేయండి, లేదా చేతుల మీద బరువు మానేయండి" అన్నారు. రెండోది ఎంచుకున్నాను.

ఇక్కడే నా మొదటి తప్పు. చేతులు నొప్పి పుడుతున్నాయి కాబట్టి హ్యాండిల్ ఎత్తుగా ఉండాలి అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు, దుకాణాలవాళ్లు కూడా. రాణిగంజ్‌లో ఒక కౌంటర్ దగ్గర నిలబడితే అబ్బాయి "సార్ బండి ఏ మోడల్ మేడమ్?" అని అడిగాడు. సార్ స్కూటీ నడుపుతారని, ఈ బండి నేను నడుపుతానని చెప్పాను. ఒకసారి తేరిపార చూసి, గోడకు తగిలించిన వాటిలో అన్నిటికన్నా ఎత్తైనది దించాడు. మెరిసే క్రోమ్ పూత, 1,800 రూపాయలు. "అన్ని బండ్లకూ పడుతుంది మేడమ్."

అన్ని బండ్లకూ పడే హ్యాండిల్ లేదు. మనకు దొరికేవాటిలో ఎక్కువ భాగం మూడు లావుల్లో ఉంటాయి. మామూలు బండ్లకు 22 మిల్లీమీటర్లు. కొన్ని క్రూయిజర్లకు అంగుళం, అంటే 25.4. ఇక నడుమ లావుగా, చివరలకు సన్నబడే అల్యూమినియం రకానికి, హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే క్లాంపు దగ్గర 28.6. నా సంచిలో వెర్నియర్ కాలిపర్స్ ఉంటాయి (ఇది వృత్తిరోగం). తీసి కొలిస్తే 22 ఉంది, నా బండిదీ అంతే. లావు సరిపోయింది కదా అని మురిసిపోయి కొనేశాను. మిగతా కొలతలు తీయాలని తట్టలేదు.

మా వీధి చివర షెడ్డులో బిగించారు. పాత కేబుళ్లే కాస్త లాగి సర్దారు. కూర్చుంటే దర్జాగానే ఉంది, గుర్రమెక్కినట్టు. మర్నాడు ఉదయం ఉప్పల్ దాటాక యూటర్న్ దగ్గర హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పాను. నా చేయి యాక్సిలరేటర్ మీద కదలనే లేదు, ఇంజను దానంతట అదే హుంకరించింది. బండి ముందుకు దూకింది. క్లచ్ నొక్కిపెట్టి ఎలాగో డివైడర్‌కు తగలకుండా ఆపాను. వెనక ఆటో డ్రైవరు నా వంశాన్ని తలుచుకున్నాడు.

కారణం చిన్నదే. హ్యాండిల్ ఎత్తు పెరిగింది, కేబుల్ పొడవు పెరగలేదు. ఎడమకు తిప్పేసరికి యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని తనను తాను లాక్కుంది. హ్యాండిల్ మార్చినవాళ్లు రోడ్డెక్కే ముందు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. సెంటర్ స్టాండు వేసి, బయలు ప్రదేశంలో ఇంజను నడుపుతూ, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పాలి. ఇంజను చప్పుడు రవ్వంత మారినా బండి కదపకూడదు. అలాగే బ్రేక్ గొట్టం ఎక్కడా తీగలా బిగుసుకోకూడదు, స్విచ్చుల వైర్లు క్లాంపుల మధ్య నలగకూడదు. ఎత్తైన హ్యాండిల్‌కు పొడవైన కేబుళ్లు, పొడవైన బ్రేక్ గొట్టం కావాలి. గొట్టం మార్చితే రాగి వాషర్లు కొత్తవి వేయాలి, బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి గాలి బుడగలన్నీ తీయించాలి. ఆ ఖర్చంతా కలుపుకుంటే 1,800 హ్యాండిల్ చవక కాదు.

పైగా అది నాలుగు రోజులకే ఇంకో సంగతి చెప్పింది. నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిల్ చేతుల మీది బరువును మాయం చేయదు, తీసుకెళ్లి వెన్ను చివరి ఎముక మీద పెడుతుంది. వేగం పెరిగితే ఛాతీకి గాలి కొట్టి మనిషిని వెనక్కి తోస్తుంది, పడకుండా మళ్లీ హ్యాండిల్‌నే గట్టిగా పట్టుకోవాలి. తిమ్మిరి తగ్గలేదు, నడుము నొప్పి తోడైంది. పిల్లలకు బలాలు, భ్రామకాలు చెప్పే మనిషి ముందుగా ఒక్క బొమ్మ గీసుకోకుండా కొనడం సిగ్గుచేటే.

పాత హ్యాండిల్ మళ్లీ బిగించి, ఆ ఆదివారం కొలతలు మొదలుపెట్టాను. మా అమ్మాయి చేతికి ఫోను ఇచ్చి పక్కనుంచి ఫొటో తీయమన్నాను. బండి మీద కూర్చుని, కళ్లు మూసుకుని, భుజాలు వదులు చేసి, చేతులు ముందుకు ఎత్తి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఆపాను. మా ఆయన కరెంటు పనికి వాడే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి నా పిడికిళ్లలో పెట్టారు. ఆ గొట్టానికీ అసలు గ్రిప్పులకూ మధ్య టేపు పెట్టి కొలిస్తే వెనక్కి నాలుగున్నర సెంటీమీటర్లు తేడా. ఎత్తులో తేడా ఎంతో తెలుసా? సెంటీమీటరున్నర. అదీ కిందికి! నాకు కావలసింది ఎత్తు కాదు, దగ్గర. హ్యాండిల్ కాస్త పల్లంగా ఉన్నా పరవాలేదు, చివరలు నా వైపు రావాలి. ఒంపు కూడా చూసుకున్నాను: గొట్టం పట్టుకున్నప్పుడు మణికట్టు, మోచేయి ఒకే గీత మీద ఉండాలంటే గ్రిప్పు చివరలు కొద్దిగా వెనక్కీ, రవ్వంత కిందికీ తిరగాలి.

ఇంకో పని కూడా కొనకముందే చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. క్లాంపు బోల్టులు నాలుగూ వదులు చేసి ఉన్న హ్యాండిల్‌నే కొద్దిగా వెనక్కి తిప్పి చూడటం. నాకు దాంతో సెంటీమీటరు దాకా కలిసొచ్చింది. కానీ అలా తిప్పితే గ్రిప్పులు కూడా కిందికి వాలతాయి, మణికట్టు వంకరపోతుంది. కొందరికి ఇదే సరిపోవచ్చు. నాకు చాలలేదు.

కాగితం మీద కొలతలు రాసుకుని ఈసారి పుత్లీబౌలి వెళ్లాను. నాలుగు దుకాణాలు తిరిగాక ఐదో దాంట్లో పెద్దాయన కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. అంతకుముందు ఏ దుకాణంలోనూ కాగితం ఎవరూ చదవలేదు. లోపలికి వెళ్లి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. ట్రాకర్ రకం, ఎత్తు తక్కువ, వెనక్కి ఒంపు ఎక్కువ, నల్ల పూత వేసిన ఉక్కు, 22 మిల్లీమీటర్లు, 3,200 రూపాయలు. గోడకు తగిలించలేదేమని అడిగితే, "ఇది చూడటానికి బాగుండదమ్మా, ఎవరూ అడగరు" అన్నాడు. నిజమే, ఒట్టి చేతిలో పట్టుకుంటే ఎద్దు కొమ్ముల్ని ఎవరో అణగదొక్కినట్టు ఉంటుంది.

కౌంటర్ మీదే పరీక్షించాను. క్లాంపు పట్టే చోట గరుకు గీతలు లోతుగా ఉన్నాయి. నున్నగా ఉంటే బ్రేకు గట్టిగా వేసినప్పుడు హ్యాండిల్ క్లాంపులో తిరిగిపోయే ప్రమాదం ఉంది. గాజు కౌంటర్ మీద బోర్లా పెడితే రెండు చివరలూ సమంగా ఆనాయి, అంటే మెలి లేదు. గ్రిప్పు, లీవరు, స్విచ్చు మూడూ పట్టేంత తిన్నని భాగం రెండు వైపులా ఉంది. ఒంపు ఎక్కువున్న వాటిలో చాలామటుకు ఇక్కడే తప్పుతాయి. అల్యూమినియం కావాలా అని పెద్దాయన అడిగాడు. బరువు తక్కువే, కానీ నా బండి ఎప్పుడైనా పడుతుంది, నాకు తెలుసు. అల్యూమినియం హ్యాండిల్ వంగితే మళ్లీ సాపు చేసి వాడకూడదు, పగులు లోపల దాగి ఉంటుంది. ఉక్కే ఇమ్మన్నాను.

బిగించినది అదే వీధిలో ఉన్న మెకానిక్. ఈ సమీక్షలో సగం మార్కులు ఆయనవే. గంటన్నర పని, 700 రూపాయలు. పెట్రోలు ట్యాంకు మీద ముందే పాత దుప్పటి పరిచాడు. చివరలు వెనక్కి వచ్చినందువల్ల కేబుళ్లు బిగుసుకోలేదు సరికదా కొంచెం మిగిలాయి. వాటిని హెడ్‌లైటు వెనక కొత్త దారిలో తిప్పి కట్టాడు. స్విచ్చు పెట్టె లోపల చిన్న మొన ఉంటుంది, హ్యాండిల్‌లో దానికి ఒక రంధ్రం కావాలి, స్విచ్చు తిరగకుండా. కొందరు ఆ మొనను గీకి పారేస్తారు. ఈయన ముందు స్విచ్చును వదులుగా బిగించి, నన్ను కూర్చోబెట్టి, బొటనవేలు హారన్ మీద సరిగ్గా పడేదాకా తిప్పి, అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, అప్పుడు డ్రిల్ వేశాడు.

ఒక్క చోట మాత్రం మాటా మాటా వచ్చింది. క్లాంపు బోల్టుల్లో ముందు రెండూ బిగించేసి వెనక వాటికి వచ్చాడు. రెండు వైపులా సందు సమానంగా ఉండాలా, ముందు వైపు పూర్తిగా మూసుకోవాలా అన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో చూడాలి అన్నాను. "ఇరవై ఏళ్లుగా బిగిస్తున్నానమ్మా" అన్నాడు. "నేను పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను, అయినా పుస్తకం చూసే చెబుతాను" అన్నాను. నవ్వి, ఫోనులో మాన్యువల్ తెరిపించి, వదులు చేసి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో మళ్లీ బిగించాడు. తర్వాత హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పించి, ట్యాంకుకూ గ్రిప్పుకూ మధ్య నా బొటనవేలు నలగకుండా పడుతుందో లేదో చూపించాడు. పడుతుంది, కానీ కుడి వైపు వేలిమందమే మిగిలింది. ఇంకో సెంటీమీటరు వెనక్కి వంగిన హ్యాండిల్ అయితే ట్యాంకుకు తగిలేది.

నాలుగు నెలలైంది, సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. చిటికెన వేలి తిమ్మిరి మూడో వారానికి తగ్గింది, రెండో నెలకు పూర్తిగా పోయింది. చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి అనంతగిరి దాకా వెళ్లి అదే రోజు తిరిగొచ్చాను, మర్నాడు బోర్డు నిండా రాశాను.

ఫిర్యాదులు లేకపోలేదు. అద్దాలు లోపలికి, కిందికి జరగడంతో సగం నా మోచేతులే కనిపిస్తున్నాయి, పొడవు కాడలున్న అద్దాలు వేయించుకోవాలి. పాత హ్యాండిల్ చివర అదురు తగ్గించడానికి ఉండే బరువులు దీనికి పట్టలేదు. బదులుగా వేసిన రబ్బరు బిరడాలు తేలిక, అందుకే ఒక వేగం దగ్గర గ్రిప్పులు గుయ్యిమంటాయి. బరువైనవి పెట్టాలి. వెడల్పు కాస్త తగ్గింది కాబట్టి బస్సుల మధ్య సందుల్లో సుఖం, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో తిప్పడానికి మాత్రం కొంచెం ఎక్కువ బలం పెట్టాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి కూడా తెలిసే ఉండాలి. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడం మీద ఆంక్షలున్నాయి. భుజాల కన్నా ఎత్తుకు పోయే హ్యాండిళ్ల జోలికి వెళ్లకపోవడానికి నాకు అదీ ఒక కారణం. పాత హ్యాండిల్ కూడా పారేయలేదు, అటక మీద గోనెసంచిలో చుట్టి ఉంది.

తమ్ముడికి ఫొటో పంపితే, "నా హ్యాండిల్ ఏం చేశావే!" అని రాత్రి రెండింటికి ఫోను చేశాడు. డిసెంబరులో మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. పాతది బిగించుకుంటానంటే బిగించుకోమన్నాను, 700 రూపాయలు వాడే ఇచ్చుకోవాలి. విమానం ఎక్కే ముందు నాది నాకు బిగించి వెళ్లాలని కూడా ఇప్పుడే చెప్పి పెట్టాను.