పిడికెడు బియ్యం కానుక: సంచి కన్నా డబ్బా మేలు

మిజో కొండల ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘాల్లో 1910లో మొదలైన ‘బుహ్‌ఫై థమ్’ (వండేటప్పుడల్లా చర్చి కోసం పిడికెడు బియ్యం తీసిపెట్టడం) లాంటిదే మన సంఘాల పిడికెడు బియ్యం. చేతిలో రూపాయి ఆడని నెలల్లో ఇంతకు మించిన కానుక లేదు. గుడ్డసంచి మాత్రం వద్దు, తేమ చేరి పురుగు పడుతుంది. మూత బిగుతుగా పట్టే 3 కిలోల స్టీలు డబ్బా, నాలుగు ఎండు వేపాకులు చాలు. వంటకు కొలిచాక, కడగకముందే పిడికిలి తీయాలి. 40 గ్రాముల చొప్పున రెండు పూటలా తీస్తే నెలకు 2.4 కిలోలు.

చర్చిలో పాత, కొత్త బియ్యం కలిపేస్తే అన్నం సగం ముద్ద, సగం పలుకు. విడిగా తూచి రాసుకోవాలి. బైబిల్లో కరువు కాలాన ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన సారెపతు ఊరి విధవరాలి దగ్గర మిగిలిందీ పట్టెడు పిండే కదా! ఇంట్లో బియ్యం నిండుకున్నవారు ఖాళీ డబ్బాతో వస్తే ఎందుకని అడక్కుండా, అందులోనే నింపి పంపాలి.